మైనస్ పదకొండు

నార్త్‌విచ్‌లో ఆ పూట తీసినవి నలభై రెండు ఫోటోలు.
కోటు జేబులో పట్టే కెమెరా, ఆఫీసుది.
బీమావాళ్ళకి కావలసింది ఒక్కటే:
పక్కగోడ, పునాది నుంచి చూరు దాకా,
ఇటుకలు లెక్కకు వచ్చేలా.

అడుగున ఉప్పు తోడేసిన ఊరు అది.
డోరీన్ హెస్కెత్ గారి పెరడు ఎంత ఇరుకంటే
వీపు కంచెకి ఆనించి, లెన్సు పూర్తిగా వెడల్పు చేసినా
గోడ చట్రంలో ఇమడదు.
"ఇంకాస్త వెనక్కి జరుగు తల్లీ" అంటుందావిడ.
వెనక పొరుగింటి కోళ్ళు.

రాత్రి క్రూలో, నా గదిలో, రా ఫైలు తెరిచాను.
కెమెరా తన తెర మీద చూపించిన బొమ్మ కాదిది.
అక్కడ అది తల దువ్వి, పౌడరద్ది
పెళ్ళిచూపులకి కూర్చోబెడుతుంది.
ఇక్కడ గాజు చూసింది చూసినట్టే.
మూలలు మసక, అంచుల్లో ఊదా దారం,
గోడంతా పీపాలా పొట్టేసుకుని,
పై ఇటుక వరసలు ఎగరేసిన కనుబొమలు,
కింది వరసలు నవ్వు.

ఈ మోడల్‌కి ప్రొఫైలు లేదు జాబితాలో.
చేత్తో దిద్దాల్సిందే.
తెరకి స్టీలు స్కేలు ఆనించి
స్లైడరు జరుపుతూ పోయాను.
మైనస్ నాలుగు. ఇంకా పొట్టే.
మైనస్ ఎనిమిది. వరసలన్నీ బుద్ధిగా సర్దుకున్నాయి,
ఆకాశానికి ఆనిన ఆ మూల గీత తప్ప.
మొండిది.
తొమ్మిది. పది.
మైనస్ పదకొండు.
అదీ లొంగింది.
పై వరస నడుం దగ్గర కాస్త కుంగింది కానీ
నిద్రొస్తోంది, చూడనట్టు ఊరుకున్నాను.
దుప్పటి ముడత అరచేత్తో తుడిచినంత హాయి.
రిపోర్టులో రాశాను:
చెప్పుకోదగ్గ వంపు లేదు.

పది రోజులకి ఫోను.
"మిస్ యార్లా" (యార్లగడ్డలో గడ్డ ఆవిడ నోట ఎప్పుడూ రాలిపోతుంది)
"ఒకసారి వచ్చి నా బీరువా చూసి వెళ్ళు."

మేడ మీద పడగ్గది. బీరువా ముందు కాళ్ళ కింద
పబ్బులో గ్లాసుల కింద పెట్టే అట్టముక్కలు,
ఏడాదికొకటి చొప్పున, పందొమ్మిది.
"పద్నాలుగు మా రెజ్ తెచ్చినవి.
ఆయన పోయాక నేనే వెళ్తున్నా.
నిమ్మరసం తాగి, ఒకటి సంచీలో వేసుకొస్తా.
గోడ నిటారుగా ఉంటే
ఇవన్నీ దేనికి తాగినట్టు మేము?"

చెవులు వేడెక్కాయి.
కారులోంచి ఇత్తడి తూకం గుండు తెచ్చాను.
మేడ కిటికీలోంచి ఆవిడ చీపురు కర్ర బయటికి చాచింది,
దాని చివర దారం, దారం కొసన గుండు.
గాలికి ఊగింది. ఆగేదాకా ఆగాం.
కోళ్ళు కూడా ఏమీ అనలేదు.
క్లిక్.

ఈసారి గోడ వైపు చూడకుండా దిద్దాను.
దారం ఒక్కటే చూశాను.
మైనస్ ఎనిమిది దగ్గర దారం సాపయింది.
అప్పుడు స్కేలు తీసి గోడ చూస్తే
దారానికి దూరం జరుగుతూ, దగ్గరవుతూ, మళ్ళీ జరుగుతూ
పొట్ట.
గాజుది కాదు. గోడదే.
ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు.

దిద్దాక బొమ్మకి నాలుగు పక్కలా
లోపలికి వంగిన నల్లటి ఖాళీ మిగులుతుంది.
దాన్ని కోసి చదరం చేసి పంపడం మా అలవాటు.
కోద్దామని గీత పెట్టాను.
గీతకి అవతల, పైన,
చీపురు కర్ర, దాన్ని రెండు చేతులా బిగించిన
మణికట్లు, ఉబ్బిన నరాలు.
గీత తీసేశాను.

బీమావాళ్ళ నుంచి నిన్న ఉత్తరం:
వంపు అంగీకరించాం.
ఫోటో అంచులు మాత్రం ఎందుకలా ఉన్నాయి?